పైపులో పైపు: వేడి ఎంత మారుతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టడం ఎలా?

ముందు సాఫ్ట్‌వేర్ తెరవకండి. ఈ మాట ముఖ్యంగా విశాఖలో కెమికల్, మెకానికల్ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు మొదలుపెట్టే పిల్లలకు. డబుల్ పైప్ హీట్ ఎక్స్చేంజర్ అనగానే చాలామంది సీఎఫ్‌డీ (ప్రవాహాలను కంప్యూటర్‌లో లెక్కగట్టే) ప్యాకేజీ తెరిచి, రెండు పైపులు గీసి, మెష్ (చిన్న గదుల వల) వేసి, ఎరుపు నుంచి నీలానికి దిగే రంగుల బొమ్మ ఒకటి రికార్డులో అతికిస్తారు. వైవాలో ‘ఎన్ని కిలోవాట్లు మారింది? ఆ అంకె సరైనదని నీకెలా తెలుసు?’ అని అడిగేసరికి నోట మాట రాదు. ఆ ప్రశ్నకు జవాబు బొమ్మలో దొరకదు. ఎక్సెల్‌లోనో పైథాన్‌లోనో మీరు సొంతంగా కట్టుకున్న చిన్న మోడల్‌లో దొరుకుతుంది. దాన్ని ఎలా కట్టాలో, ఎక్కడ అనుమానించాలో చెబుతాను.

ఉక్కు కర్మాగారం, మల్కాపురం వైపు రిఫైనరీ, పరవాడ ఫార్మా యూనిట్లు ఉన్న ఊరు మనది. వేడిని ఒక ద్రవం నుంచి ఇంకో ద్రవానికి మార్చకుండా వీటిలో ఏదీ నడవదు. పైపులో పైపు అందులో అతి చిన్న రూపం. లోపలి పైపులో ఒక ద్రవం, రెండు పైపుల మధ్య ఖాళీలో, అంటే యాన్యులస్‌లో ఇంకో ద్రవం. ఇది బాగా అర్థమైతే, ఒకే గుల్లలో చాలా పైపులుండే షెల్ అండ్ ట్యూబ్ ఎక్స్చేంజర్ దగ్గర భయం ఉండదు.

కాగితం మీద కొలతలు

ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా వెళ్దాం. లోపలి పైపు రాగిది, లోపలి వ్యాసం 20 మి.మీ., బయటి వ్యాసం 22 మి.మీ. దాని చుట్టూ ఉన్న పైపు లోపలి వ్యాసం 35 మి.మీ. పొడవు 6 మీటర్లు. లోపల వేడి నీళ్లు సెకనుకు 0.20 కిలోలు, 70 డిగ్రీల దగ్గర లోపలికి వస్తాయి. యాన్యులస్‌లో చల్లటి నీళ్లు సెకనుకు 0.30 కిలోలు, ఎదురు దిశలో, అంటే కౌంటర్ ఫ్లోలో.

చల్లటి నీళ్ల ఇన్‌లెట్ ఉష్ణోగ్రత 30 డిగ్రీలు తీసుకోండి. ఈ ఒక్క అంకె దగ్గర నేను గట్టిగా పట్టుబడతాను. చలిదేశాల పుస్తకాల్లోని లెక్కల్లో 15 అనో 20 అనో ఉంటుంది, మనవాళ్లు దాన్నే దింపేసుకుంటారు. విశాఖలో ఏప్రిల్, మే నెలల్లో డాబా మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి 35 దాటినా ఆశ్చర్యం లేదు. వేసవిలో సముద్రం నీళ్లే 29–30 డిగ్రీల దగ్గర ఉంటాయి. ఇదే పరికరానికి ఇన్‌లెట్ 20 డిగ్రీలు అని వేస్తే మారే వేడి 20 కిలోవాట్లు దాటినట్టు కనిపిస్తుంది. 30 వేస్తే 17 కూడా రాదు. కాగితం మీద ఇరవై చూపించి, ప్లాంటులో పదిహేడు కూడా ఇవ్వని పరికరం ఎవరికి పనికొస్తుంది? థర్మామీటర్ ముంచి చూసి, ఆ అంకె వేయండి.

వేడి ద్రవాన్ని లోపల, చల్లటిదాన్ని బయట పెట్టడానికీ ఒక కారణం ఉంది. గది 32 డిగ్రీల్లో ఉందనుకుందాం. బయటి పైపులో సగటున 37 డిగ్రీల నీళ్లు ఉంటే, ఇన్సులేషన్ లేకపోయినా గాలిలోకి పోయేది 40 వాట్లకు అటూ ఇటూ. మొత్తం పదహారు వేల పైచిలుకు వాట్లలో అది లెక్కలోకి రాదు. అదే వేడి నీళ్లు బయట ఉంటే 200 వాట్లు దాటుతుంది. కాబట్టి మన మోడల్‌లో బయటికి పోయే వేడిని ధైర్యంగా సున్నా అనుకోవచ్చు.

అసలు కష్టం: ఫిల్మ్ కోఎఫిషెంట్

సిమ్యులేషన్‌లో లూపులు రాయడం సులువు. పైపు గోడకూ నీళ్లకూ మధ్య వేడి ఎంత తేలిగ్గా దాటుతుందో చెప్పే అంకె, అదే ఫిల్మ్ కోఎఫిషెంట్, దాన్ని సరిగ్గా పట్టుకోవడమే కష్టం. అందుకే ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి.

నీటి గుణాలు సగటు ఉష్ణోగ్రత దగ్గర తీసుకోవాలి. సగటు తెలియాలంటే అవుట్‌లెట్ తెలియాలి, అది ఇంకా రాలేదు. కాబట్టి ఊహించి మొదలుపెట్టండి. వేడి వైపు 65, చల్లటి వైపు 33 అనుకుంటే, కింద చెప్పిన లెక్క అంతా అయ్యాక అవుట్‌లెట్లు దాదాపు 50, 43 వస్తాయి. అంటే అసలు సగటులు 60, 37 దగ్గర అన్నమాట. ఆ ఉష్ణోగ్రతల్లో గుణాలు మళ్లీ తీసుకుని ఇంకోసారి లెక్క కట్టండి. మొదటి విడతలో మొత్తం కోఎఫిషెంట్ (రెండు ఫిల్ములూ గోడా కలిపి వేడి ఎంత తేలిగ్గా దాటుతుందో చెప్పే అంకె) 1,742 వస్తే రెండో విడతలో 1,763 వస్తుంది. మూడో విడతలో పెద్దగా కదలదు. అక్కడితో ఆపేయండి.

60 డిగ్రీల నీటికి స్నిగ్ధత 0.000466 పాస్కల్ సెకన్లు, ఉష్ణ వాహకత 0.654, ప్రాండ్టిల్ నంబర్ (స్నిగ్ధతకూ వేడి వ్యాపించే గుణానికీ ఉన్న నిష్పత్తి) 2.98. దీంతో లోపలి పైపులో రెనాల్డ్స్ నంబర్ (ప్రవాహం ఎంత సుడులు తిరుగుతోందో చెప్పే అంకె) సుమారు 27,300. యాన్యులస్‌లో, 37 డిగ్రీల దగ్గర, ప్రాండ్టిల్ 4.65, రెనాల్డ్స్ 9,640.

యాన్యులస్‌లో రెనాల్డ్స్ నంబర్‌కు ఏ వ్యాసం వాడాలన్న తికమక ప్రతి బ్యాచ్‌లోనూ వస్తుంది. ఇక్కడ హైడ్రాలిక్ వ్యాసం, అంటే 35 లోంచి 22 తీసేస్తే వచ్చే 13 మి.మీ. కొన్ని పాత పద్ధతుల్లో వేడి దాటే చుట్టుకొలతను మాత్రమే లెక్కేసి ఇంకో సమాన వ్యాసం వాడతారు. మన కొలతలకు అది 33.7 మి.మీ. అవుతుంది. ఏ సూత్రాన్నైనా అది ఏ వ్యాసానికి రాసిందో ఆ వ్యాసంతోనే వాడాలి. 33.7 వేసి రెనాల్డ్స్ కట్టి, 13 తో భాగించి కోఎఫిషెంట్ తీస్తే వచ్చే అంకెకు అర్థమే లేదు.

ఇప్పుడు నుసెల్ట్ నంబర్, ఫిల్మ్ కోఎఫిషెంట్‌ను ఇచ్చే అంకె. అందరికీ నోటికొచ్చేది 1930 నాటి డిటస్–బోల్టర్ సూత్రం. అది రెనాల్డ్స్ 10,000 దాటిన చోట వాడేది. మన యాన్యులస్ దానికి కాస్త కిందే ఉంది. 1976లో గ్నీలిన్‌స్కీ ఇచ్చిన సూత్రం దాదాపు 3,000 నుంచే పనిచేస్తుంది, కాబట్టి రెండు వైపులా అదే వాడదాం. ‘రె’ అంటే రెనాల్డ్స్, ‘ప్రా’ అంటే ప్రాండ్టిల్, ‘ఘ’ అంటే ఘర్షణ గుణకం. సంవర్గమానం సహజ సంవర్గమానమే, పది ఆధారంగా ఉన్నది కాదు.

ఘ = 1 ÷ (0.79 × సంవర్గమానం(రె) − 1.64)²

నుసెల్ట్ = (ఘ÷8) × (రె − 1000) × ప్రా ÷ [1 + 12.7 × √(ఘ÷8) × (ప్రా^(2/3) − 1)]

లోపల నుసెల్ట్ 135.7 వస్తుంది. దాన్ని వాహకతతో గుణించి వ్యాసంతో భాగిస్తే కోఎఫిషెంట్ సుమారు 4,440 వాట్లు, చదరపు మీటరుకు, డిగ్రీకి. యాన్యులస్‌లో 65.7, కోఎఫిషెంట్ 3,160. ఇదే లోపలి పైపుకు డిటస్–బోల్టర్ వాడితే 3,700 దగ్గర ఆగుతుంది. రెండూ పేరున్న సూత్రాలే, రెండింటి మధ్య 20 శాతం తేడా. అసలు అనిశ్చితి ఇక్కడ ఉంది. మెష్‌లో లక్ష గదులు వేసినా ఈ 20 శాతం తగ్గదు. (యాన్యులస్‌లో లోపలి గోడ మాత్రమే వేడిగా ఉన్నందుకు ఇంకో సవరణ ఉంది. మన కొలతలకు అది కోఎఫిషెంట్‌ను 7 శాతం దాకా తగ్గిస్తుంది. మొదటి మోడల్‌లో వదిలేయండి, రెండో దాంట్లో కలపండి.)

మూడు నిరోధాలను కూడితే మొత్తం వస్తుంది. లోపలి ఫిల్మ్, రాగి గోడ, బయటి ఫిల్మ్. లోపలి పైపు బయటి వైశాల్యం ఆధారంగా కూడితే మొత్తం కోఎఫిషెంట్ 1,763. ఇందులో యాన్యులస్ ఫిల్మ్ వాటా 56 శాతం, లోపలి ఫిల్మ్ 44 శాతం, రాగి గోడ అర శాతం. అంటే రాగి పైపును ఇంకా పల్చగా చేసినా ఒరిగేదేమీ లేదు. ఫార్మా యూనిట్లలోలా స్టెయిన్‌లెస్ స్టీలు వేస్తే మాత్రం గోడ లెక్కలోకి వస్తుంది. దాని వాహకత 16 దగ్గర ఉంటుంది కాబట్టి మొత్తం కోఎఫిషెంట్ 1,590కి పడిపోతుంది.

లోపల నీళ్ల బదులు చిక్కటి నూనె ఉంటే కథే మారిపోతుంది. రెనాల్డ్స్ 2,300 కిందికి దిగితే ప్రవాహం లామినార్, అంటే సుడులు లేకుండా పొరలుపొరలుగా సాగేది. పూర్తిగా కుదురుకున్న లామినార్ ప్రవాహానికి, గోడ ఉష్ణోగ్రత స్థిరంగా ఉంటే, నుసెల్ట్ 3.66. నూనె వాహకత 0.13 అనుకుంటే కోఎఫిషెంట్ 24. నాలుగు వేల నాలుగు వందల చోట ఇరవై నాలుగు! నూనెల్లో ప్రవేశ ప్రభావం (పైపు మొదట్లో వేడి ఎక్కువగా దాటడం) చాలా దూరం ఉంటుంది కాబట్టి నిజమైన విలువ ఇంకా ఎక్కువే ఉంటుంది, అయినా వందల్లోనే, వేలల్లోకి పోదు. నీళ్లకు రాసిన షీటులో నూనె గుణాలు వేసి అదే టర్బులెంట్ (సుడుల ప్రవాహపు) సూత్రాన్ని నడిపించకండి. షీటులో రెనాల్డ్స్ నంబర్‌ను చూసి సూత్రం మార్చే షరతు ఒకటి తప్పకుండా పెట్టండి.

చేతి లెక్క ముందే కట్టి పక్కన పెట్టుకోండి

కంప్యూటర్ ఏం చెప్పాలో మీకు ముందే తెలిసి ఉండాలి. ఎన్‌టీయూ (వేడి దాటే సామర్థ్యాన్ని ప్రవాహంతో పోల్చే అంకె) పద్ధతిలో ఇది పది నిమిషాల పని. వేడి నీటి ఉష్ణ సామర్థ్య ప్రవాహం డిగ్రీకి 837 వాట్లు, చల్లటిదానికి 1,253. నిష్పత్తి 0.668. వైశాల్యం 0.4147 చదరపు మీటర్లు, కాబట్టి ఎన్‌టీయూ 0.874. కౌంటర్ ఫ్లో సూత్రంలో వేస్తే ఎఫెక్టివ్‌నెస్ (గరిష్ఠంగా మారగల వేడిలో నిజంగా మారే వాటా) 0.503, మారే వేడి 16.85 కిలోవాట్లు. వేడి నీళ్లు 49.9 దగ్గర బయటికి వస్తాయి, చల్లటివి 43.4 దగ్గర. పారలల్ ఫ్లో, అంటే రెండూ ఒకే దిశలో, అయితే 15.4 కిలోవాట్లే. ఈ అంకెలు షీటు పైన రాసి పెట్టుకోండి, ఇవే మీ గీటురాయి.

‘జవాబు చేత్తోనే వచ్చేసింది కదా, ఇంక సిమ్యులేషన్ దేనికి?’ అనిపిస్తుంది. న్యాయమైన ప్రశ్నే. గుణాలు పైపు పొడవునా మారినా, ఇన్‌లెట్ ఉష్ణోగ్రత మధ్యలో మారినా, వాల్వు తెరిచాక ఎంతసేపటికి కుదురుకుంటుందో తెలుసుకోవాలన్నా చేతి లెక్క చాలదు. అలాంటి చోట్ల మోడల్‌ను నమ్మాలంటే, చేతి లెక్క చాలే చోట అది సరిగ్గా కలవాలి.

పైపును గదులుగా కోసి, కాలంతో నడిపించండి

ఆరు మీటర్ల పైపును రైలు పెట్టెల్లా వరసగా 60 గదులుగా విడదీయండి, ఒక్కోటి 0.1 మీటరు. ప్రతి గదిలో రెండు ఉష్ణోగ్రతలు: వేడి నీటిది ఒకటి, చల్లటి నీటిది ఒకటి. మొదట్లో అన్నీ 30. టైమ్ స్టెప్ 0.1 సెకను. ప్రతి స్టెప్‌లో ప్రతి గదికీ ఈ రెండు సూత్రాలు:

కొత్త వేడి = పాత వేడి + 0.648 × (ఎడమ గది పాత వేడి − పాత వేడి) − 0.00943 × (పాత వేడి − పాత చల్లన)

కొత్త చల్లన = పాత చల్లన + 0.519 × (కుడి గది పాత చల్లన − పాత చల్లన) + 0.00505 × (పాత వేడి − పాత చల్లన)

0.648, 0.519 అనేవి వేగం × టైమ్ స్టెప్ ÷ గది పొడవు. చివరి అంకెలు: కోఎఫిషెంట్ × చుట్టుకొలత × టైమ్ స్టెప్ ÷ (మీటరు పొడవులోని నీటి బరువు × విశిష్టోష్ణం). వేడి నీళ్లు ఎడమ నుంచి వస్తాయి కాబట్టి మొదటి గదికి ఎడమ పక్క ఎప్పుడూ 70. చల్లటివి కుడి నుంచి వస్తాయి కాబట్టి చివరి గదికి కుడి పక్క ఎప్పుడూ 30. నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయో అటు గదినే చూడాలి, అదే అప్‌విండ్ పద్ధతి. పారలల్ ఫ్లో కావాలంటే రెండో సూత్రంలో కుడి బదులు ఎడమ అని మార్చి, 30 డిగ్రీల ఇన్‌లెట్‌ను కూడా ఎడమ చివరకు తేవాలి.

ఎక్సెల్‌లో అయితే వేడికి ఒక షీటు, చల్లనకు ఒక షీటు. గదులు అడ్డ వరసల్లో, కాలం నిలువు వరసల్లో. పైథాన్‌లో ఇరవై లైన్లకు మించదు. ఒక్క జాగ్రత్త: కొత్త విలువలు వేరే జాబితాలో రాసుకోండి. అదే జాబితాలో దిద్దుకుంటూ పోతే పక్క గది ‘పాత’ విలువ అప్పటికే కొత్తదైపోయి ఉంటుంది. తప్పు కనిపించదు, కాలంతో వచ్చే జవాబు మాత్రం చెడుతుంది.

ఒక స్టెప్‌లో నీళ్లు ఒక గది కంటే ఎక్కువ దూరం పోకూడదు. అంటే 0.648 అన్న అంకె 1 దాటకూడదు. మన పైపుకు టైమ్ స్టెప్ హద్దు సుమారు 0.15 సెకను. కావాలనే ఒకసారి 0.2 పెట్టి నడపండి. కాసేపటికే ఉష్ణోగ్రతలు వందల్లోకి, మైనస్‌లోకి ఊగిపోతాయి. ఒకసారి చూస్తే ఇక ఎప్పుడు ఇలా జరిగినా కారణం వెంటనే తడుతుంది.

60 సెకన్లు నడిపి, కాలంతో అవుట్‌లెట్లు ఎలా మారాయో గీయండి. నాకు ఈ గ్రాఫు చాలా ఇష్టం. చల్లటి నీళ్ల అవుట్‌లెట్ మొదటి క్షణాల్లోనే వేడెక్కడం మొదలుపెడుతుంది, ఎందుకంటే అది వేడి నీళ్ల ఇన్‌లెట్ పక్కనే ఉంది. వేడి నీళ్ల అవుట్‌లెట్ మాత్రం చాలాసేపు 30 దగ్గరే ఉండి, తర్వాత ఒక్కసారిగా లేస్తుంది. సెకనుకు 0.648 మీటర్ల వేగంతో ఆరు మీటర్లు రావడానికి 9.3 సెకన్లు కావాలి మరి. మీ గ్రాఫులో అది 8 సెకన్ల నుంచే మెల్లగా లేవడం చూస్తారు. ఆ మెత్తదనం నీళ్లది కాదు, అప్‌విండ్ పద్ధతి తెచ్చిపెట్టిన చెదురు. గదులు సన్నం చేస్తే తగ్గుతుంది.

రాగి గోడ కూడా కొంత వేడిని తాగుతుంది. మీటరు రాగికి డిగ్రీకి 228 జౌళ్లు, లోపలి నీటికి 1,292. కుదురుకున్న స్థితి కావాలంటే గోడను వదిలేయవచ్చు. కాలంతో మార్పు కచ్చితంగా కావాలంటే ప్రతి గదికీ మూడో ఉష్ణోగ్రత, గోడది, పెట్టాలి.

జవాబును నిలదీయండి

మొదటి పరీక్ష: కుదురుకున్నాక వేడి నీళ్లు పోగొట్టుకున్నదీ చల్లటి నీళ్లు పొందిందీ ఒకటే కావాలి. 0.1 శాతం కంటే ఎక్కువ తేడా ఉంటే సూత్రంలో తప్పుంది, లేదా ఇంకా కుదురుకోలేదు.

రెండోది గదుల సంఖ్య. ఇదే మోడల్ 6 గదులతో 15.76 కిలోవాట్లు చెబుతుంది, 12తో 16.29, 60తో 16.74. చేతి లెక్క 16.85. గదులు పెరిగేకొద్దీ అంకె దానివైపే నడుస్తోంది, అంటే మోడల్ ఆరోగ్యంగా ఉంది. ఈ నాలుగు అంకెల పట్టిక మీ రికార్డులో ఉంటే వైవాలో సగం ప్రశ్నలు అక్కడే తీరిపోతాయి. 60 గదుల్లో మిగిలిన తప్పు ముప్పాతిక శాతం కూడా లేదు, పైన చూసిన సూత్రాల తేడా 20 శాతం. కాబట్టి 600 గదులకు పోవడం దండగ.

తర్వాత ఫౌలింగ్. పైపు గోడల మీద పొలుసు, నాచు కడితే నిరోధం పెరుగుతుంది. నిరోధాల కూడికలో 0.0002 చేర్చండి. మొత్తం కోఎఫిషెంట్ 1,763 నుంచి 1,300కి దిగుతుంది, వేడి 14 కిలోవాట్లకు. సముద్రపు నీళ్లతో చల్లబరిచే ప్లాంటును ఊహించుకుని చేసేవాళ్లు దీన్ని అసలు మరవకూడదు. అప్పుడు రాగి పైపు కూడా వద్దు, కుప్రోనికెలో టైటానియమో తీసుకుని వాహకత మార్చండి. సముద్రపు నీటి విశిష్టోష్ణం కిలోకు 4,000 జౌళ్ల దగ్గర ఉంటుంది, మంచినీళ్ల 4,178 వేయకండి.

సీఎఫ్‌డీ ఎప్పుడు?

వంపు లేని పైపులకు అవసరం లేదు. లోపలి పైపు వంగి ఒక పక్కకు జారినా, ఫిన్లు ఉన్నా, యూ బెండు దగ్గర ఏం జరుగుతుందో చూడాలన్నా అప్పుడు వెళ్లండి. ఓపెన్‌ఫోమ్ ఉచితం. మొత్తం ప్రాసెస్ గీయాలంటే డీడబ్ల్యూసిమ్ కూడా ఉచితమే. ఐఐటీ బాంబేలో ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ప్రోత్సహించే ఫోసీ బృందం ఈ రెండింటినీ విద్యార్థుల్లోకి తీసుకెళ్తోంది.

అక్కడ కూడా ముందు వేడి జోలికి పోకండి, ప్రెషర్ డ్రాప్ చూడండి. మన ఘర్షణ గుణకాలతో నున్నటి, వంపు లేని లోపలి పైపుకు సుమారు 1.5 కిలోపాస్కల్స్, యాన్యులస్‌కు 2 దగ్గర రావాలి. అదే కలవకపోతే గోడ పక్కన మెష్ సరిపోలేదు, వేడి లెక్క కలిసే ఆశ లేదు. పూర్తి గుండ్రటి పైపు మెష్ వేయనక్కర్లేదు. అక్షం చుట్టూ అంతా ఒకటే కాబట్టి సన్నటి ముక్క ఒకటి చాలు, మీ ల్యాప్‌టాప్ మీదే నడుస్తుంది.

ల్యాబ్ రీడింగులతో కలపడం

ల్యాబ్‌లో చల్లటి నీళ్లు 13.4 డిగ్రీలు వేడెక్కాయనుకుందాం. రెండు థర్మామీటర్లూ చెరో అర డిగ్రీ తప్పు చూపిస్తే ఆ తేడాలోనే 7 శాతం పోతుంది. అందుకే ప్రయోగం మొదలుపెట్టేముందు రెండింటినీ ఒకే బకెట్టులో ముంచి, తేడా రాసుకోండి. రోటామీటర్‌ను (ప్రవాహం కొలిచే సాధనాన్ని) నమ్మేముందు ఒక నిమిషం పాటు బకెట్టులో నీళ్లు పట్టి తూచండి.

అప్పటికీ మోడల్‌కూ రీడింగుకూ తేడా ఉంటే, కలపడానికి ఒకే ఒక్క అంకెను కదపండి: ఫౌలింగ్ నిరోధం. కోఎఫిషెంట్‌ను కొంచెం, ప్రవాహాన్ని కొంచెం, ఇన్‌లెట్‌ను కొంచెం జరిపితే ఏ రీడింగుకైనా ఏ మోడలైనా అతుకుతుంది, దాన్నుంచి తెలిసేది ఏమీ ఉండదు. కలపడానికి ఫౌలింగ్‌ను మైనస్‌లోకి తీసుకెళ్లాల్సి వస్తే రీడింగుల్లోనో సూత్రంలోనో తప్పుంది, వెనక్కి వెళ్లి వెతకండి.

రికార్డులో మొత్తం కోఎఫిషెంట్ రాసేటప్పుడు అది లోపలి పైపు ఏ వైశాల్యం మీద కట్టిందో పక్కనే రాయండి. బయటి వైశాల్యం మీద మనకు 1,763 వచ్చింది. అదే పరికరానికి, అవే నీళ్లకు, లోపలి వైశాల్యం మీద కడితే 1,939 వస్తుంది.